చిన్నమ్మ చూసిన తోడేలు

పోయిన ఎండాకాలం మనవరాలిని హైదరాబాదులో జూకి తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే అదే నన్ను తీసుకెళ్లింది. పులి దగ్గర ఫోటోలు దిగి, ఏనుగు దగ్గర ఐస్‌క్రీం తిని, నిద్ర లేవని ఎలుగుబంటి మీద అలిగి, చివరికి జనం పెద్దగా లేని ఒక కంచె దగ్గరికి వచ్చాం. లోపల ఎండిన గడ్డిలో ఒక జంతువు ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ ఊరికే తిరుగుతోంది. సన్నటి కాళ్లు, మట్టిరంగు ఒళ్లు, లోపలికి పోయిన కడుపు. బోర్డు మీద తోడేలు అని రాసి ఉంది. మనవరాలు బోర్డు చదివి, జంతువును చూసి, మళ్లీ బోర్డు చదివింది. "ఇదేనా అమ్మమ్మా? ఇంతేనా?" అంది, ఎవరో మోసం చేసినట్టు. దాని ఫోన్లో తోడేలంటే మనిషి భుజాల మీద ముందుకాళ్లు వేసి నిలబడే తెల్లటి జంతువు. అవి మంచు దేశాలవనీ, మన తోడేలు అందులో సగం ఉంటుందనీ, మనిషి పక్కన నిలబడితే మోకాలు దాటి జానెడు కూడా రాదనీ, బరువైతే మన ఇంటికొచ్చే పాతిక కిలోల బియ్యం బస్తాను మించదనీ, టీచరుగా చేసిన అలవాటుకొద్దీ చెప్పడం మొదలుపెట్టాను. చెబుతున్నది సగంలో వదిలేసి, పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూలబడ్డాను. ఇంత వయసొచ్చాక బతికున్న తోడేలును చూడటం నాకు అదే మొదటిసారి. చచ్చిన తోడేళ్లను మాత్రం చిన్నప్పుడే చూశాను. అన్నిటినీ మా రూతు చిన్నమ్మ గడప ముందే చూశాను.

అప్పుడు మేం గోదావరిఖనిలో ఉండేవాళ్లం. ఇప్పుడు సెల్‌ఫోను దుకాణాలూ బిర్యానీ హోటళ్లూ చూసినవాళ్లకు నమ్మబుద్ధి కాదు గానీ, అప్పటికి అది ఊరు కాదు. అడవిలో తెరిచిన బొగ్గుబావులూ, వాటి చుట్టూ లేచిన గుడిసెలూ, కంపెనీ కట్టిస్తున్న క్వార్టర్లూ, అంతే. మా నాన్నా, చిన్నమ్మ భర్త ఏసుదాసు కాకా ఒకే బావిలో పనిచేసేవారు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య నాలుగు గడపలు. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలైనా ఇద్దరికీ పోలిక లేదు. మా అమ్మ నవ్వడానికి కూడా పని అయిపోవాలి. చిన్నమ్మ పని చేస్తూనే నవ్వేది, పని చేస్తూనే చర్చి పాటలు పాడేది, చరణం మరిచిపోతే తనే ఒకటి కట్టి పాడేది. పాస్టరయ్య వింటే కోప్పడతాడని అమ్మ అంటే, "దేవునికి రాగం తెలుస్తది తియ్యే అక్క" అనేది. పెళ్లయిన చాలా ఏళ్లకు, ఎన్నెన్ని ఉపవాస ప్రార్థనలకో, ఆమెకు కరుణ పుట్టింది. ఆ పిల్లను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంటూ మోయడమే మా ఆడపిల్లలందరికీ ఆట. నడక వచ్చీ రానట్టుగా, రెండు చేతులూ గాలిలో పెట్టి నడిచేది. దాని తల వాసన, ఆముదం, పౌడరు, కొంచెం బొగ్గుపొగ కలిసిన ఆ వాసన, ఇప్పటికీ ఒక్కోసారి ఎక్కడినుంచో వచ్చి ముక్కుకు తగులుతుంది. అప్పుడు చేస్తున్న పని చేతిలోనే ఆగిపోతుంది.

పొగ గురించి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. మా దగ్గర కట్టెల పొయ్యి పేదవాళ్లకు కాదు, పల్లెటూరివాళ్లకు. మాది బొగ్గుపొయ్యి. పాత బకెట్టుకు కింద కన్నం కోసి, లోపల మట్టి మెత్తి, నాలుగు ఇనుప చువ్వలు అడ్డం పెడితే పొయ్యి అయ్యేది. కింద పిడకలు, పైన కట్టెపేళ్లు, వాటిపైన పచ్చిబొగ్గు పేర్చి, కాస్త కిరసనాయిలు చల్లి ముట్టించేవారు. పచ్చిబొగ్గు పొగ ఇంట్లో పట్టేది కాదు, అందుకే పొయ్యిని వాకిట్లో పెట్టి, పొగంతా పోయి బొగ్గు ఎర్రగా కణకణలాడేదాకా విసనకర్రతో విసిరి, అప్పుడు లోపలికి మోసుకెళ్లేవారు. తెల్లారుగట్ల ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి, అన్ని ఇళ్ల ముందూ ఒకేసారి పొయ్యిలు అంటుకునేవి. పసుపుపచ్చటి, ముద్దలాంటి పొగ నేలమీదే పరుచుకునేది. ఎదురింటి మనిషి గొంతు వినిపించేది గానీ మనిషి కనిపించేది కాదు. కళ్లు మండేవి, అన్నం కూడా పొగ వాసనే. అయినా ఆ పొగను ఎవరూ తిట్టేవారు కాదు. దోమలు రావు, పాములు రావు, అడవి జంతువు పొగ వాసన తగిలితే ఆమడ దూరం పరుగెత్తుతుంది అని పెద్దవాళ్లంతా గట్టిగా నమ్మేవారు. అందుకని తల్లులు పొయ్యి విసురుతున్నంతసేపూ పసిపిల్లలను నిప్పు అంటనంత దూరంలో, పొగ పోతున్న వైపు, గోనెసంచి పరిచి కూర్చోబెట్టేవారు. ఏ ఊరివాళ్లూ చేయని పని అది. పిల్లలు దగ్గుతుంటే కూడా "మంచిదే, పొగల ఉన్నరు, ఫికర్ లేదు" అనుకునేవారు. మా వరుస ఇళ్లకు సాయంత్రం గాలి ఊరివైపు నుంచి వీచేది. కాబట్టి పొగ పోయే వైపంటే అడవి వైపు.

తోడేలును మాలో ఎవరూ చూడలేదు. కమాన్‌పూర్ వైపు గొల్లవాళ్ల గొర్రెలు పోతున్నాయని వినడమే. చూడని జంతువు కాబట్టి ఎవరికి ఎంత కావాలంటే అంత ఉండేది. మా ఆదివారం బడిలో ఒక రంగుల బొమ్మ ఉండేది. అందులో గొర్రెల మంచి కాపరి అయిన ఏసుప్రభువు నడుము దాకా వచ్చే నల్లటి తోడేలు, దాని కోరలు నా వేళ్లంత. నేను అదే నమ్మేదాన్ని. గాడిదంత ఉంటుందని పక్కింటి లచ్చవ్వ, వెనక కాళ్ల మీద లేస్తే మనిషిని మించుతుందని షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్లు. అన్నీ విని మేం భయపడి, ఆ భయాన్ని దుప్పటిలా కప్పుకుని హాయిగా పడుకునేవాళ్లం. అంత పెద్ద జంతువు వస్తే ఎవరో ఒకరికి కనబడకుండా ఉంటుందా అన్న ధీమా అందరికీ ఉండేది.

ఆ సాయంత్రం కాకది రెండో షిఫ్టు, భూమిలోపల ఉన్నాడు. మా అమ్మ పొయ్యి విసురుతోంది, నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. పొగలోంచి ఒక అరుపు వచ్చింది. అది చిన్నమ్మ గొంతని కూడా మాకు వెంటనే తెలియలేదు. అమ్మ విసనకర్ర పారేసి పరుగెత్తింది. మేం వెళ్లేసరికి చిన్నమ్మ గోనెసంచి దగ్గర నిలబడి అడవి వైపు చెయ్యి చాపి ఉంది. సంచి మీద ఎవరూ లేరు. "తోడేలు అక్క, తోడేలు! దూడంత ఉన్నది! పిల్లను పట్టుకపోయింది!" అని ఆ మాటే మళ్లీ మళ్లీ అంటోంది. కర్రలు పట్టుకుని మగవాళ్లు పరుగెత్తారు. ఎటు పరుగెత్తాలో ఎవరికీ తెలియదు, పొగలో ఒకరికొకరు గుద్దుకుంటున్నారు. కాకకు కబురు పెట్టారు. బావిలో మనిషికి కబురంటే పైనుంచి కింద ఒకరికి, వాళ్ల నుంచి ఇంకొకరికి అందాలి. అందాక అంత చీకటి దారీ ఎక్కి ఆయన పైకి నడిచి రావాలి. ఆయన నెత్తి మీద దీపం ఆర్పకుండానే, ఒళ్లంతా బొగ్గుతో ఇంటికి చేరేసరికి వెతకడానికి పోయినవాళ్లు సగంమంది తిరిగొచ్చేశారు. మర్నాడు పొద్దున వాగు గట్టున దొరికింది. ఏం దొరికిందో పిల్లలకు చెప్పలేదు. నేను ఇప్పటిదాకా ఎవరినీ అడగలేదు. బావిలో కప్పుకు ఆనించే దుంగలు కోసే వడ్రంగి చిన్న పెట్టె ఒకటి చేసి ఇచ్చాడు. పాస్టరయ్య ప్రార్థన సగంలోనే ముగించాడు.

కొన్నాళ్లకు కమాన్‌పూర్ వైపు వేటగాళ్లు ఒక తోడేలును కొట్టారు. కొట్టిన జంతువును కర్రకు కట్టి, డప్పు వాయించుకుంటూ ఇంటింటికీ తిప్పితే జనం దోసెడేసి బియ్యం పెట్టడం అక్కడి ఆనవాయితీ. తిప్పి తిప్పి చివరికి దాన్ని చిన్నమ్మ గడప ముందు దింపారు. గుడిసెలవాళ్లంతా అక్కడే ఉన్నారు. నేను అమ్మ కొంగు పట్టుకుని, జనం కాళ్ల మధ్యలోంచి చూశాను. చూడగానే నాకు వచ్చింది భయం కాదు. ఏదో సిగ్గులాంటిది. అది ఎంతో లేదు. నోరు కొంచెం తెరుచుకుని, సన్నటి కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసుకుని, పడుకున్న కుక్కలా ఉంది. జనంలోంచి మెల్లగా ఒక గుసగుస లేచింది.

"గిదా తోడేలంటే?" అన్నాడు ఎవరో.

మల్లయ్య అని మా వరుసలోనే ఉండే ఒకాయన ముందుకొచ్చి, దాని వెనక కాళ్లు ఒంటిచేత్తో పట్టుకుని పైకి లేపాడు. "బరువే లేదు గదనే. ఒక్క కట్టెదెబ్బకు జాలదు. గిది ఎత్తుకపోయిందా పిల్లను?" అన్నాడు. ఆయన మనసులో చెడు లేదు, ఆశ్చర్యం అంతే. కానీ ఆ మాటకు జనం తలలన్నీ ఒక్కసారి గడప వైపు తిరిగాయి.

"మరి తల్లి ఏం చేస్తున్నట్టు?" అంది లచ్చవ్వ, నెమ్మదిగానే.

చిన్నమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. తోడేలును చాలాసేపు చూసింది. "ఇది కాదు" అంది. "అది దూడంత ఉండె. ఇది కాదు." అందరూ కాక వైపు చూశారు. ఏసుదాసు కాక వేటగాళ్ల దగ్గరికి వెళ్లి, "విన్నరు గదా. ఇది కాదంట. పెద్దది ఇంకోటి ఉన్నది. దాన్ని పట్టాలె" అన్నాడు. ఆయన ముఖంలో పట్టరాని కోపం ఉంది గానీ, దానికింద ఒక రకమైన నిశ్చింత కూడా ఉంది. పిల్లను ఎత్తుకుపోయింది ఎవరూ ఆపలేనంత పెద్ద జంతువైతే ఆయన భార్య ముఖం చూడగలడు. ఇది నేను ఇప్పుడు రాస్తున్న మాట. అప్పుడు నాకు ఆయన మీసం వణకడం మాత్రమే కనబడింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో నాన్న అన్నం ముందు కూర్చుని అన్నాడు. "చిన్నదైతేంది? నిండు గొర్రెను మెడమీదేసుకొని ఉరుకుతది. పసిపిల్ల దానికి ఒక లెక్కనా? గిదే అయి ఉంటది." అమ్మ కంచంలో పులుసు పోస్తూ, "ఆ మాట బయట అనకుండ్రి" అంది. "గిదే అంటే, గింతదాన్ని కొట్టలేకపోయినవా అని రేపటినుంచి అందరు రూతును పొడుస్తరు. పెద్దదనే ఉండనియ్యుండ్రి." నాన్న తల ఊపి అన్నం కలుపుకున్నాడు. నిజం తెలిసినవాడు నిజం చెబితే చిన్నమ్మ చస్తుంది, చెప్పకపోతే అడవిలో తోడేళ్లు చస్తాయి. చెల్లెలికి ఏ రకంగానూ సాయం చేయలేక మా అమ్మ ఆ రోజుల్లో చీటికీమాటికీ మామీద విసుక్కునేది.

చచ్చిన తోడేళ్లు వస్తూనే ఉన్నాయి. డప్పు వినబడగానే అందరూ బయటికి వచ్చేవారు. ప్రతిసారీ అదే జనం, అదే గడప. ప్రతిదీ నిలబెడితే మగవాళ్ల మోకాలి ఎత్తుకే వచ్చేది. ఒకటి మరీ చిన్నది, పొదుగు పాలతో ఉబ్బి ఉంది. చిన్నమ్మ దాన్ని చూసి లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. అయినా వచ్చాక ఆ మాటే. "ఇది కాదు." మెల్లగా జనం తగ్గారు. రూతమ్మకు మతి చలించిందని కొందరు, ముచ్చట్లలో పడి పిల్లను చూసుకోలేదని కొందరు. పాటలు పాడుతూ కూర్చుందని ఒకామె అంది. ఆ మాట చిన్నమ్మ దాకా వచ్చిందో లేదో గానీ, ఆమె మళ్లీ పాడగా నేను వినలేదు. పొయ్యిని వాకిట్లో ముట్టించడం కూడా మానేసింది. తలుపు మూసుకుని, లోపలే ముట్టించి, ఆ పొగంతా తాగుతూ విసిరేది. అమ్మ వెళ్లి "జర బయట పెట్టవే, సచ్చిపోతవ్" అని బతిమాలితే వినిపించుకోలేదు. తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు. వాళ్లను నేలమీద కూర్చోబెట్టగా ఎవరూ చూడలేదు. నడుముకు గుడ్డతో కట్టుకునే పొయ్యి విసిరేది.

కాక మాత్రం ఆ పెద్ద తోడేలును వదల్లేదు. ఆదివారం ఆరాధన అవగానే వేటగాళ్లతో పోయేవాడు. వాళ్లు విసిగి మానేశాక ఒక్కడే పోయేవాడు. గోదావరి దాటి మంచిర్యాల వైపు ఎక్కడో తోడేలును కొట్టారని తెలిస్తే, డ్యూటీ మానేసి వెళ్లి చూసి వచ్చేవాడు. వచ్చి కాళ్లు కడుక్కుంటూ "చిన్నదే" అనేవాడు. చిన్నమ్మ చెంబు అందించేది. మేం పెద్దవాళ్లమయ్యాం, నాకు పెళ్లయింది, ఉద్యోగం మీద వేరే ఊళ్లు తిరిగాను, సెలవులకు వెళ్లినప్పుడల్లా వాళ్లింట్లో ఆ ఒక్క మాట మారకుండా ఉండేది. ఆఖరి రోజుల్లో కాక కంపెనీ దవాఖానలో మంచం మీద ఉండి కూడా, చూడవచ్చిన నన్ను గుర్తుపట్టి, "అది దొరకలే బిడ్డా" అన్నాడు. ఏది అని నేను అడగక్కర్లేదు. ఆయన పాదాలు పట్టుకుని కూర్చున్నాను.

జూలో ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకు ఒక్కటే అనిపించింది. చిన్నమ్మ ఇంకా ఉంది. ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి. తోడేలు అంతే ఉంటుందనీ, అంత చిన్నదే పెద్ద గొర్రెను ఎత్తుకుపోతుందనీ, మనిషి కదిలేలోపు మాయమవుతుందనీ, పులిని అడ్డుకోలేకపోవడానికీ దాన్ని అడ్డుకోలేకపోవడానికీ తేడా లేదనీ. ఆమె తప్పు లేదని చెప్పడానికి తోడేలును పెద్దది చేయక్కర్లేదని. ఈ మాట ఆమెకు చెప్పాలని ఇన్నేళ్లూ మాలో ఎవరికీ ఎందుకు తోచలేదని నామీద నాకే ఒళ్లు మండింది. ఆ వారమే బయల్దేరాను. పెద్దపల్లిలో రైలు దిగి బస్సెక్కితే, బసంత్‌నగర్ దాటాక నాకు దారి తెలియలేదు. మేం తునికిపండ్లు ఏరుకున్న అడవి ఉన్నచోట, పైనుంచే నేలంతా తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు గొయ్యి ఉంది. పక్కన తవ్విపోసిన మట్టి గుట్టలు, అప్పటి చెట్లకన్నా ఎత్తు. వాటిమీద ఇప్పుడు తుమ్మలు మొలుస్తున్నాయి. అందరి ఇళ్లలో గ్యాసు, ఏ వాకిట్లోనూ పొగ లేదు. తోడేలూ లేదు. ఏదైనా వస్తే పిల్లలు ఫోన్లు పట్టుకుని దానివెంటే పరుగెత్తుతారు. మంచికో చెడుకో తెలియదు గానీ, మేం భయపడినవన్నీ పోయాయి, మేం ప్రేమించినవి కూడా వాటితోనే పోయాయి.

చిన్నమ్మ చిన్నకొడుకు ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద ఉంది. ఇంట్లో పొయ్యి పెట్టుకుని తాగిన పొగంతా ఇప్పుడు ఊపిరి లెక్క అడుగుతోంది. నాలుగు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకుంటోంది. కోడలు టీ ఇచ్చి బజారుకు వెళ్లాక, నేను దారిపొడవునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. జూకి వెళ్లింది చెప్పాను, గొర్రె సంగతి, నాన్న అన్న సంగతి చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"బతికున్నదాన్ని చూసినవా?"

"చూసిన చిన్నమ్మా."

"ఎంతున్నది?"

నేను లేచి నిలబడి, చెయ్యి చాపి, తొడ మధ్యలో పెట్టి చూపించాను. కొంచెం ఎక్కువే చూపించానేమో. ఆమె మంచం మీది నుంచి చెయ్యి చాచి, నా మణికట్టు పట్టుకుని కిందికి దించింది. ఇంకొంచెం దించింది. మోకాలి దగ్గర ఆపింది.

"గింతనే" అంది. "నేను చూసిన గదనే. పొగల నుంచి మెల్లగ నడుసుకుంట వచ్చింది. రోజు వచ్చే ఎర్రకుక్క అనుకున్న."

నేను అలాగే వంగి ఉండి ఆమె ముఖం చూశాను.

"దూడంత అని నా నోటికి ఎట్ల వచ్చిందో నాకు తెల్వదు బిడ్డా. వచ్చింది. వచ్చినంక ఇగ తియ్యరాలే. పెద్దదైతేనే గద, నా చేతుల లేనట్టు. మీ కాకకు చెప్పాలె చెప్పాలె అనుకున్న. పాలున్నదాన్ని తెచ్చిండ్రు సూడు, ఆనాడు చెప్తామని లోపలికి పోయి కూసున్న. చెప్పలేకపోయిన. ఆయన సచ్చేదాక లేనిదాన్ని దేవులాడిండు."

దగ్గు వచ్చింది. నీళ్లు పట్టాను, రెండు గుక్కలు తాగింది. నా మణికట్టు మాత్రం వదల్లేదు, అది అక్కడే, మోకాలి దగ్గరే ఉంది. ఆమె ఆ ఎత్తు వైపే చూస్తోంది.

"కుక్కను అదిలిచ్చినట్టన్న అదిలియ్యలే దాన్ని. చెయ్యి లేపినా ఉరుకుతుండె."